ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా

మా బావమరిదికి కళ్ళద్దాల దుకాణం ఉంది. ఊళ్ళో సగం ముక్కుల మీద ఉన్న అద్దాలు వాడు పెట్టినవే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దుకాణంలో వాడు అనే మాట ఒక్కటే. చీకటి గదిలో ఎత్తు కుర్చీ మీద మనిషిని కూర్చోబెట్టి, ఒక కన్ను మూసి, రెండో కంటి ముందు ఒక బిళ్ళ పెట్టి, అది తీసి ఇంకో బిళ్ళ పెట్టి, "ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?" అంటాడు. కూర్చున్న మనిషి ఏదో ఒకటి తేల్చి చెప్పేదాకా వదలడు. వృత్తి అన్నాక అంతే, దాని మీద నాకు ఏ అభ్యంతరమూ లేదు. నా అభ్యంతరమల్లా ఆ మాటను ఇంటికి మోసుకురావడం మీద.

వాడికి గిటారు ఉంది. ఆ గిటారుకు తోడుగా ఆంప్లిఫయరు అనే పెట్టె ఉంది. గిటారు తీగ గొణిగిందాన్ని ఈ పెట్టె గట్టిగా అరిచి చెబుతుంది. ఏ గొంతుతో అరవాలో పెట్టె పైన ఉన్న బొడిపెలు తిప్పి చెప్పాలి. గెయిన్ అనేదాన్ని తిప్పితే శబ్దానికి కోపం వస్తుంది. బేస్ తిప్పితే కిటికీ అద్దాలు వణుకుతాయి. ట్రెబుల్ తిప్పితే పళ్ళు జివ్వుమంటాయి. ఆ రెంటికీ నడుమ మిడిల్ అని ఒకటుంది. దాన్ని తిప్పితే గిటారు జలుబు చేసిన మనిషిలా ముక్కుతో మాట్లాడుతుంది. చివర ప్రెజెన్స్ అని ఇంకోటి. అది ఏం చేస్తుందో వాడికీ తెలియదు. నేను చదువుకున్న కాన్వెంటులో ప్రెజెన్స్ అంటే హాజరు. సిస్టరు పేరు పిలిస్తే చెయ్యెత్తడం. పెట్టెలో ఉన్నదీ అదే అయ్యుంటుంది. ఉన్నానని చెయ్యెత్తుతుంది, అంతకు మించి పని చెయ్యదు.

మా ఆవిడకు ఈ ఇంగ్లీషు పేర్లతో పని లేదు. బేసును గోడలదనీ, ట్రెబులును పళ్ళదనీ, మిడిలును ముక్కుదనీ పిలుస్తుంది. "ఒరేయ్, గోడలది తగ్గించు, పొయ్యి మీద పాలు ఎగురుతున్నాయి" అని వంటింట్లోంచి కేకేస్తుంది. తమ్ముడికి అర్థమవుతుంది.

ఆ పెట్టె మా ఇంటి ముందుగదిలోకి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. వాడూ వాడి భార్యా మా మేడ మీద వాటాలో ఉంటారు. వాడి భార్య నాకు చెల్లెలి వరస. మెత్తటి మనిషి, పిల్లిని కూడా మీరు అని పిలిచే రకం. అంతటి మనిషి ఒకనాడు మెట్ల మీద నిలబడి, "ఈ వాటాలో ఆ పెట్టయినా ఉండాలి, నేనైనా ఉండాలి" అంది. తడుముకోకుండా జవాబు చెప్పవలసిన చోట మా వాడు అలవాటు కొద్దీ కాసేపు ఆలోచించాడు. ఆలోచించినందుకు శిక్ష పడింది. సాయంత్రానికి పెట్టె కిందికి దిగి నా పడక కుర్చీ పక్కన స్థిరపడింది. తప్పు వాడిది, శిక్ష నాది.

రోజూ దుకాణం తెరవక ముందు ఒకసారి, మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఒకసారి, వాడు ముందుగది తలుపు వేసి, కిటికీలు మూసి, పెట్టె ముందు స్టూలు వేసుకుని కూర్చుంటాడు. పాట వాయిస్తాడేమో అనుకుంటారు చూసినవాళ్ళు. అంత అదృష్టం మాకు లేదు. ఒకే ఒక్క తీగ. టంగ్. బొడిపెను వెంట్రుకవాసి తిప్పుతాడు. మళ్ళీ టంగ్.

"బావా, ఇప్పుడు బాగుందా, ఇందాక బాగుందా?"

"రెండూ ఒకటేరా."

"సరిగ్గా విను. ఇది." టంగ్. "అది." టంగ్.

"ఇందాకటిదే బాగుంది."

"ఇందాకటిదంటే మొదట్లో వాయించిందా, ఇప్పుడు మళ్ళీ వినిపించిన ఇందాకటిదా?"

ఇలాంటి ప్రశ్నకు జవాబు చెప్పే శక్తి దేవుడు నాకివ్వలేదు. పేపరు ముఖానికి అడ్డం పెట్టుకునేవాణ్ణి. పేపరు వెనక కూడా టంగ్ వినపడుతుంది. మా గోడ మీది బల్లి పిల్లల్ని వెంటేసుకుని వంటింటి గోడకు కాపురం మార్చేసింది. పక్కింటి చిలక ఉన్న నాలుగు మాటలూ మరిచిపోయి, "ఇందాక బాగుందా, ఇందాక బాగుందా" అనడం మొదలెడితే, తట్టుకోలేక వాళ్ళు దాన్ని బంధువుల ఇంటికి పంపేశారు. మా మనవలు ఈ చిలక సంగతి నమ్మరు. అడ్రసు ఇస్తాను, వెళ్ళి అడిగి రండి అన్నా నమ్మరు.

వాడు అంతగా వెతికేది ఏమిటంటే 'నా గొంతు'. గిటారు పట్టిన ప్రతివాడికీ తనదంటూ ఒక గొంతు ఉండాలట. కళ్ళు మూసుకుని విన్నా, ఇది ఫలానా వాడి వాయింపు అని జనం పోల్చుకోవాలట. అది ఆ బొడిపెల మధ్యనే ఎక్కడో దాక్కుని ఉందని వాడి నమ్మకం. కంటికి ఒక పవరు ఉన్నట్టే చెవికీ ఒక నంబరు ఉంటుంది, పట్టుకుంటే ఇక జీవితాంతం ఢోకా లేదు అనేవాడు. దొరికిందనుకున్నప్పుడల్లా కళ్ళజోళ్ళ ఫ్రేములకు అంటించే చిన్న రంగు చుక్కలు తెచ్చి బొడిపెల పక్కన అంటించేవాడు. ఎర్ర చుక్కలు ఒక గొంతు, పచ్చవి ఒక గొంతు, నీలానివి ఇంకో గొంతు. కొన్నాళ్ళకు పెట్టె తట్టు పోసినట్టు తయారైంది. అన్ని రంగులూ అన్ని చోట్లా తిరిగాయి గాని, ముక్కుది దగ్గర మాత్రం అన్ని చుక్కలూ సున్నా మీదే, ఒకదాని మీద ఒకటి.

ముక్కు మాట వచ్చింది కనుక చెబుతున్నాను. మా వాడి గొంతు ముక్కులోంచి వస్తుంది. చిన్నప్పటి నుంచీ అంతే. ఫోనులో కొత్తగా విన్నవాళ్ళు మొదట జలుబు తగ్గిందా అని అడిగి, తర్వాత పని చెబుతారు. మా చెల్లెలు కూడా పెళ్ళికి ముందు కళ్ళు చూపించుకోవడానికి వాడి దుకాణానికి వచ్చినప్పుడు, ఆ చీకట్లో వాడి ప్రశ్న విని, "మీకు ఒంట్లో బాగుండకపోతే రేపు వస్తానండీ" అందట. మరుసటి రోజు వచ్చింది. ఎన్ని బిళ్ళలు మార్చినా రెండూ ఒకేలా ఉన్నాయనే చెప్పింది. నిదానంగా చూస్తే ఆమె కంటికి ఏ లోపమూ లేదు. పెళ్ళి కుదిరింది.

ఇక బ్యాండు సంగతి. వయసులో ఉన్నప్పుడు ఆ బ్యాండు పెట్టింది మా వాడే. అందులో డ్రమ్ములు వాయించేది ఒక బస్సు డ్రైవరు. పాడేది ఆసుపత్రిలో నర్సు. ఇంకో ఇద్దరు వస్తూ పోతూ ఉంటారు. శనివారం సాయంత్రాలు స్టేషను ఎదురుగా ఉన్న హోటలు భోజనాల హాల్లో వీళ్ళు వాయిస్తారు, జనం తింటారు. వారమంతా ఎవరో ఒకరి కన్ను మూసి బతికే మనిషికి ఆ సాయంత్రమే ఊపిరి. శుక్రవారం నుంచే చొక్కా ఇస్త్రీ చేసుకుంటాడు. శనివారం మధ్యాహ్నం దుకాణంలో వాడు రాసిచ్చిన పవర్లు నేనైతే నమ్మను.

ఒక ఆదివారం పొద్దున డ్రైవరు మా ఇంటికి వచ్చాడు. పెద్ద శరీరం, కుర్చీలో కూర్చున్నా బస్సు నడుపుతున్నట్టే చేతులు ముందుకు పెట్టుకుంటాడు. మా వాణ్ణి పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశాడు.

"అద్దాలూ, నీతో ఒక మాట చెప్పాలి. నీ గిటారు వినపడటం లేదు."

"సౌండు పెంచుతాను."

"నిన్న పెంచావుగా. బల్లల మీద గ్లాసులు నడిచాయి. గిటారు మాత్రం వినపడలేదు. హోటలాయన భూకంపం అనుకుని గల్లాపెట్టె పట్టుకుని బయటికి పరిగెత్తాడు."

"ఇంట్లో ఎంత బాగుందో తెలుసా? బావను అడుగు."

డ్రైవరు నా వంక చూశాడు. నేను పేపరు ఎత్తుకున్నాను.

"చూడు అద్దాలూ. కీబోర్డు వాయించే ఆయన ఒకరు వస్తానంటున్నాడు. హోటలాయనకు కూడా నచ్చాడు. ఈ శనివారం చూస్తాను. నువ్వు వినపడితే సరేసరి. లేదంటే ఆ వచ్చే వారం నుంచి నీ కుర్చీలో ఆయన కూర్చుంటాడు."

"అది నేను పెట్టిన బ్యాండయ్యా."

"పెట్టావు. కాదన్నదెవరు? వినపడవు, అంతే."

డ్రైవరు వెళ్ళిపోయాక మా వాడు పెట్టె మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. ఆ ఒక్క పూట నాకు వాడి మీద జాలేసింది. సోమవారం పొద్దున్నకల్లా ఆ జాలి ఆవిరైపోయింది.

అంతకు ముందు నన్నూ మా ఆవిణ్ణీ మాత్రమే అడిగేవాడు. ఇప్పుడు గుమ్మంలో కాలు పెట్టిన వాణ్ణల్లా అడగడం మొదలెట్టాడు. పాలవాడు గిన్నె చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి టంగులు వినాలి. కరెంటు మీటరు చూడటానికి వచ్చిన మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, అలవాటు కొద్దీ ఒక కన్ను కూడా మూసుకోమన్నాడు. ఆ మనిషి మీటరు చూడకుండానే వెళ్ళిపోయాడు. మా చెల్లెలు మెట్లు దిగేటప్పుడు చెప్పులు చేత్తో పట్టుకుని పిల్లిలా దిగడం నేర్చుకుంది. పసుపు చుక్కలు వచ్చాయి, తెల్ల చుక్కలు వచ్చాయి. దుకాణంలో రంగులు అయిపోయాయి.

"వాడికి ఏదో ఒకటి చెప్పి పంపేయండి. మీరు పెద్దవారు, మీ మాట వింటాడు" అంది మా ఆవిడ.

"నేను పొద్దున ఎర్రది బాగుందన్నాను. సాయంత్రానికి ఎర్ర చుక్కలు పీకేశాడు."

"అయితే బాగాలేదని చెప్పండి."

"అదీ చెప్పాను. ఎందుకు బాగాలేదో చెప్పమంటున్నాడు. నేనేం డాక్టర్నా?"

ఈ గొడవలో నా కళ్ళు కూడా మొరాయించాయి. పేపరులో అక్షరాలు అలుక్కుపోతున్నాయి. అంతకాలం పేపరును అడ్డుగోడగా వాడుకున్నానేగాని చదవలేదు కనుక నాకే ఆలస్యంగా తెలిసింది. బుధవారం దుకాణానికి వెళ్ళాను. మంచి సంగతేమిటంటే పెట్టె అక్కడ లేదు.

నాకన్నా ముందు ఒక పెద్దావిడ వచ్చి ఉంది. లోపలి గదిలో ఆవిడ గోడ మీది అక్షరాలన్నీ కింది వరస దాకా గడగడా చదివేసింది. ఇక అద్దాలు చేయించి ఇచ్చేయవచ్చు. మా వాడు ఒప్పుకోలేదు. బిళ్ళలు బిగించిన ఆ ఇనప ఫ్రేమును ఆవిడ ముఖానికి అలాగే ఉంచి, చెయ్యి పట్టుకుని, మెట్లు దింపి రోడ్డు పక్కకు తీసుకొచ్చాడు.

"ఆ వచ్చే బస్సు నంబరు చదవండమ్మా. ఇప్పుడు మీ కాళ్ళ వంక చూసుకోండి. నిదానంగా ఈ మెట్టెక్కండి."

ఆవిడ మెట్టు ఒకచోట ఉంటే కాలు ఇంకోచోట వేసింది. మా వాడు పట్టుకున్నాడు.

"లోపల శుభ్రంగా కనపడిందే బాబూ."

"గదిలో అందరికీ కనపడుతుందమ్మా. గదిలో ఏముంది, ఆ బోర్డొక్కటే. మీరు తిరిగేది ఇక్కడ కదా. ఎండా, బస్సులూ, మనుషులూ. వీటి మధ్య కనపడాలి." మళ్ళీ లోపలికి తీసుకెళ్ళి బిళ్ళ మార్చాడు.

తర్వాత నా వంతు. చీకటి గదిలో కుర్చీ ఎక్కాను. ఇనప ఫ్రేము ముక్కు మీద పడింది. ఒక కంటికి నల్ల మూత పెట్టాడు. నా పాత అద్దాలు తీసి వాడి జేబులో వేసుకున్నాడు.

"ఇప్పుడు బాగుందా..." అని మొదలుపెట్టాడు.

నా ఓపిక అక్కడే తెగింది.

"ఆపరా. ఆవిడకు ఇప్పుడే పెద్ద పాఠం చెప్పావు. మరి మా ముందుగది ఏమిటి, బజారా? తలుపు వేస్తావు, కిటికీలు మూస్తావు, ఒక్క టంగు పట్టుకుని చస్తావు. అందులో ఏ గిటారైనా బాగానే ఉంటుంది. శనివారం నువ్వు వాయించేది ఎక్కడ? పక్కన డ్రమ్ములు, ఎదురుగా పళ్ళేలు, గరిటెలు, అరుచుకునే పిల్లలు. ఆ పెట్టెను ఎప్పుడైనా మెట్లు దింపి నడిపించావా?"

"తల కదపకు బావా" అన్నాడు అలవాటుగా. చేతిలో బిళ్ళ చేతిలోనే ఉంది. తలుపు తెరుచుకున్న వెలుతురు ఒకసారి పడింది. కాసేపటికి బయట స్కూటరు స్టార్టయిన చప్పుడు వినిపించింది.

నన్ను కుర్చీలోనే మరిచిపోయి ఇంటికి వెళ్ళిపోయాడు. నా అద్దాలు వాడి జేబులో. ఆ ఇనప ఫ్రేముతో, ఒక కన్ను మూసుకుని, దుకాణం తలుపు నేనే దగ్గరికి వేసి, రోడ్డు మీద నడిచి ఇంటికి చేరాను. దారిలో ఒక కుక్క నన్ను చూసి మొరగబోయి, మనసు మార్చుకుని దారిచ్చింది. మూత తీసేయవచ్చన్న ఆలోచన ఇంటి గేటు దగ్గరగాని రాలేదు.

ఇంట్లో అప్పటికే గందరగోళం. కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. మా వాడు గిటారు మెళ్ళో వేసుకుని ఆజ్ఞలు ఇస్తున్నాడు.

"అక్కా, మిక్సీ వెయ్యి."

"అందులో వెయ్యడానికి ఏమీ లేదురా."

"ఖాళీదే వెయ్యి. టీవీ పెట్టు. వార్తలు పెట్టు, వాళ్ళయితే బాగా అరుస్తారు. కుళాయి తిప్పి బకెట్టు కింద పెట్టు." తర్వాత మెట్ల వైపు తిరిగి భార్యను పిలిచాడు. "నువ్వు కూడా రావాలి. స్టీలు పళ్ళేలు తీసుకుని రా. గరిటె కూడా."

మా చెల్లెలు సంగీతంలో పాలుపంచుకోవడం అదే మొదలు. ఇన్నేళ్ళుగా దాచుకున్నదంతా ఆ పళ్ళేల మీద చూపించింది. అంత మెత్తటి మనిషిలో అంత చప్పుడు ఉందని నాకు తెలియదు. మా వాడు పచ్చ చుక్కలకు బొడిపెలు తిప్పి వాయించాడు. చెయ్యి కదులుతోంది, శబ్దం మాత్రం లేదు. ఆ హోరులో గిటారు ఎక్కడుందో పోలీసులను పెట్టి వెతికించాలి. నీలం చుక్కలు పెట్టాడు. కిటికీలు వణికాయి, అంతే. పసుపూ అంతే. వాడి ముఖం వాడిపోయింది. ఒంటరిగా ఉన్నప్పుడు రాజులా ఉన్న శబ్దం నలుగురిలోకి వచ్చేసరికి గోడకు అతుక్కుపోయి నిలబడింది.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ఫ్రేము ముక్కు మీద నుంచి జారిపోతోంది, పళ్ళేలు చెవుల్లో మోగుతున్నాయి. వంగి, ఇంతకాలం ఎవరూ కదపని ముక్కుదాన్ని సున్నా నుంచి పైకి తిప్పేశాను. "ఇప్పుడు వాయించు, చూద్దాం" అన్నాను.

వాయించాడు. మిక్సీ తిరుగుతూనే ఉంది, టీవీ అరుస్తూనే ఉంది, మా చెల్లెలు బాదుతూనే ఉంది. వాటి మధ్యలోంచి గిటారు దారి చేసుకుని వచ్చేసింది. అందంగా లేదు. ముక్కుతో, కొంచెం సాగదీస్తూ, ఎవరినో నిలదీసి అడుగుతున్నట్టు వచ్చింది. కాని ప్రతి అక్షరమూ వినపడింది.

వంటింట్లో మిక్సీ ఆగింది. మా ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఏరా, పిలిచావా?"

"లేదక్కా."

"లేదంటావేమిటి, ఇప్పుడేగా ఏదో అన్నావు. నీ గొంతు వినపడే వచ్చాను."

మా చెల్లెలి గరిటె గాల్లోనే నిలిచింది. మా వాడు ఎవరి వంకా చూడకుండా వంగి, ముక్కుదాన్ని మళ్ళీ సున్నాకు తిప్పేశాడు.

"ఇది వద్దు" అన్నాడు.

"ఎందుకు వద్దు? ఇదొక్కటే వినపడింది."

"నీకు తెలియదులే బావా."

"తెలియకపోతే చెప్పు. ఇన్నాళ్ళుగా నా ప్రాణం తీస్తున్నావు, ఆ మాత్రం తెలుసుకునే హక్కు నాకు లేదా?"

వాడు స్టూలు మీద కూర్చున్నాడు. "స్కూల్లో పాటల్లో చేర్చుకోలేదు నన్ను. వెనక నిలబడి పెదాలు ఆడించు చాలు అన్నారు. బ్యాండు పెట్టినప్పుడు కూడా నేనే పాడదామనుకున్నాను. డ్రైవరు ఒక్కసారి విని నవ్వాడు. నవ్వి, వేరే వాళ్ళను చూద్దాంలే అన్నాడు. నా ముక్కు ఎవరికీ వినపడకూడదనే కదా ఈ గిటారు పట్టుకున్నాను. మళ్ళీ ఇందులోంచి కూడా అదే రావాలా?"

మా ఆవిడ వెళ్ళి తమ్ముడి నెత్తి మీద ఒక్కటి మొట్టింది.

"పుట్టిన దగ్గర్నుంచీ ఆ ముక్కుతోనే నాతో పోట్లాడావు. ఎన్నడైనా నాకు వినపడలేదన్నానా? నీ గొంతు నీ గొంతు అని ఊరంతా వెతుకుతున్నావు. దొరికితే నచ్చలేదంటావు. నీకు కావలసింది నీ గొంతా, పక్కింటివాడి గొంతా?"

"ఆయనకు ఇంకే గొంతున్నా నాకు గుర్తుపట్టడం కష్టం వదినా" అంది మా చెల్లెలు పళ్ళేల వెనక నుంచి, నెమ్మదిగా. వాడు తలెత్తి భార్య వంక చూశాడు. ఆమె పళ్ళేలు సర్దుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

మిగిలిన రోజులు వాడు బొడిపెలు ముట్టుకోలేదు. అది మంచికో చెడుకో తెలియక మేమూ అడగలేదు.

శనివారం హోటలుకు మేమందరం వెళ్ళాం. జనం ఇంకా రాలేదు. ఖాళీ హాల్లో, ఖాళీ బల్లల మధ్య వాడు ముక్కుదాన్ని పైకి తిప్పి ఒకసారి వాయించి చూసుకున్నాడు. ఏ చప్పుడూ లేని ఆ గదిలో అది ఘోరంగా వినపడింది. ఒక సర్వరు నవ్వాపుకోలేక లోపలికి వెళ్ళాడు. మా వాడి చెవులు ఎర్రబడ్డాయి. చెయ్యి పెట్టె వైపు వెళ్ళింది.

అప్పటికే మా ఆవిడ పెట్టె పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. తన చేతిసంచి తీసి, సరిగ్గా బొడిపెల మీద, వాటన్నిటినీ కప్పేస్తూ పెట్టింది.

"అక్కా, సంచి తియ్యి."

"ఎక్కడ పెట్టమంటావు? కింద తడిగా ఉంది."

"ఒక్క నిమిషం తియ్యక్కా."

"మోకాళ్ళు నొప్పులురా. ఒకసారి కూర్చున్నాక ఇక నన్ను కదపకు."

కింద తడీ లేదు, ఏమీ లేదు. వాడు నా వంక చూశాడు. నేను పైకప్పు చూశాను. ఇంతలో జనం వచ్చారు. హాలు నిండింది. డ్రైవరు డ్రమ్ముల వెనక సర్దుకుని కర్రలు కొట్టాడు, నర్సు మైకు అందుకుంది. కీబోర్డాయన కూడా వచ్చాడు. తలుపు దగ్గర ఒక బల్ల ముందు శుభ్రంగా దువ్వుకున్న తలతో కూర్చుని ఉన్నాడు.

మొదటి పాట సగం దాకా మా వాడు తల ఎత్తలేదు. వినపడుతోందని వాడికి తప్ప అందరికీ తెలిసింది. పళ్ళేల మోత మీదుగా, ఏడుస్తున్న ఒక పసివాడి మీదుగా, డ్రైవరు గారి దంచుడు మీదుగా గిటారు మాట్లాడుతూనే ఉంది. రెండో పాటకు వాడి మెడ కొంచెం నిలబడింది. ఒక బల్ల దగ్గర ఎవరో తింటూ తింటూ చెయ్యి ఆపి ఇటు తిరిగి చూశారు. మా చెల్లెలు ఆ బల్ల వంక, వాళ్ళు మళ్ళీ తినడం మొదలెట్టేదాకా చూస్తూనే ఉంది.

విరామంలో డ్రైవరు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ వచ్చాడు. నర్సు కూడా మంచినీళ్ళ గ్లాసుతో వచ్చి నిలబడింది.

"అద్దాలూ, రెండో పాటలో, ఆవిడ గొంతు పైకెత్తే చోట, నువ్వు ఏ తీగలు పట్టుకుంటున్నావు?"

మా వాడు గిటారు మెడ మీద వేళ్ళు పెట్టి చూపించాడు.

"అది తప్పు" అన్నాడు డ్రైవరు.

"ఎప్పుడూ అదే పట్టుకుంటాను."

"ఎప్పుడూ అంటే?"

"మొదటి నుంచీ."

డ్రైవరు నర్సు వంక తిరిగాడు. నర్సు గ్లాసు కింద పెట్టింది.

"ఆ చోటికి రాగానే ఏదో తేడాగా ఉండేదయ్యా. ఏమిటో తెలిసేది కాదు. నా గొంతే జారుతోందనుకుని ఇన్నేళ్ళూ డ్యూటీ నుంచి ఇంటికెళ్ళి ఆ ఒక్క ముక్కే సాధన చేసుకుంటున్నాను. మా ఆయన చెవుల్లో దూది పెట్టుకుంటాడు."

ఆ దూది ఆయనతో నాకు వెంటనే స్నేహం చేయాలనిపించింది.

"కీబోర్డాయనకు నేను చెప్పుకుంటాను, ఇక అవసరం లేదని" అన్నాడు డ్రైవరు. "కాని ఆ తప్పు మాత్రం వచ్చే వారానికి దిద్దుకుని రా. ఇదివరకు నువ్వేం చేసినా చెల్లింది. ఇప్పుడు హాలంతా వినపడుతోంది."

"హాలంతానా?" అన్నాడు మా వాడు.

"హాలంతా."

"ఆ తలుపు దగ్గర బల్లల దాకా?"

"వంటింట్లో వంటాయన కూడా విని ఉంటాడు. అద్దాలూ, నేను నిన్ను తిడుతున్నాను."

"తెలుస్తోంది" అన్నాడు మా వాడు, స్టూలు అతనికేసి ఇంకొంచెం జరుపుకుంటూ. "వంటింట్లో ఎంత లోపలి దాకా వినపడిందో కూడా చెప్పి తిట్టు."